అంటు, ముట్టు, పన్ను

‘అంటు’, ‘ముట్టు’ – రెండింటికీ మూలార్థం తాకడమే. ఒకటి మా వాడను ఊరవతల పెట్టింది, రెండోది ఆడవాళ్లను ఇంటవతల కూర్చోబెట్టింది. మా తల్లులకు రెండూ తప్పలేదు. పైగా కూలి మానితే పొయ్యి వెలగదు. పాతగుడ్డతోనే నాట్లకు పోయేవాళ్లు.

2017 జూలైలో వచ్చిన జీఎస్టీలో శానిటరీ ప్యాడ్లకు 12 శాతం పన్ను పెట్టారు. 2018 జనవరిలో గ్వాలియర్ విద్యార్థులు ప్యాడ్ల మీదే నిరసన రాసి ప్రధానికి పంపే ఉద్యమం మొదలెట్టారు. దేశమంతటా ఒత్తిడి పెరిగింది. ఆ జూలైలోనే పన్ను ఎత్తేశారు.

ఇది గెలుపే. కానీ పన్ను పోయినంత మాత్రాన మైల పోలేదు. వాడేసిన ప్యాడ్లను చెత్తలోంచి ఏరే చేతులెవరివి? ఎక్కువగా దళిత పారిశుధ్య కార్మికులవే. వాటిని చుట్టి పారేయాలని 2016 నిబంధనలు చెప్పినా వాళ్ల చేతులకు ఆ అంటు తప్పలేదు.

ప్యాడు అందరికీ కావాలని అడుగుదాం. దాన్ని ఎత్తేవాళ్ల గురించి కూడా అదే నోటితో అడుగుదాం. ముట్టును వదిలించి అంటును మిగిల్చే ఉద్యమం మాకు సగమే.