మార్చి కట్టిన మోటారుసైకిలుకు వెల కట్టుట యెట్లు?



ఎద్దును కొనవలసి వచ్చినపుడు మనలో ఒకరి సలహా కొరకు వెదకువారు తక్కువ. సంతలో పళ్ళు చూచి వయస్సు చెప్పుదుము, నాలుగడుగులు నడిపించి గిట్టలు చూతుము, సుడులు లెక్కింతుము, తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టుకొని దళారి చెప్పిన వెలను దింపుదుము. కాని మనుమడు వచ్చి "తాతయ్యా, ఒక మోటారుసైకిలు చూచి వచ్చినాను, డబ్బు కావలెను" అనునప్పటికి మన నోరు మెదలదు. వానికి తెలియును, మనకు తెలియదని యూరకుందుము. కర్మాగారమునుండి వచ్చినది వచ్చినట్లేయున్న పాతబండి యైనచో కొంత నయము. దాని వెల నలుగురి నడిగిన తెలియును. దానిని కోసి, అతికి, రంగు వేసి, వేరొక రూపునకు తెచ్చియుండినచో అట్టిదానికి సంతవెల యనునది లేదు. అమ్మువాడు చెప్పినదే వెల. ఆ వెలను తూచుట యెట్లో నాకు తెలిసినంతవరకు మనవిచేసెదను.

మొన్నటి యేడు మిరపకాయలు అమ్ముడుపోయిన పిమ్మట గుంటూరు సీమలోనున్న మా చెల్లెలు నాకు కబురు పెట్టెను. ఆమె మనుమడు ఇరువదియొక యేండ్లవాడు. విజయవాడలో ఒక బులెట్టును చూచి మనసు పడినాడు. 2013లో రిజిస్టరైన 350 బండి. మడ్గార్డులు కోసివేసి, పొట్టి తోలుసీటు పెట్టి, వెనుక వెడల్పైన టైరు తొడిగి, హ్యాండిలు భుజముల యెత్తునకు లేపి, నల్లని ట్యాంకుపై బంగారుగీత గీయించిన బండి. వెల 1,85,000 రూపాయలు. మరికొంచెము కలిపిన క్రొత్త బులెట్టే వచ్చును గదా యని నేననగా, "ఇటువంటిది ఇంకొకటి లేదు తాతయ్యా" యనెను. ఆ మాట నిజమే. ఇంకొకటి లేకుండుట వలన వెల పెరుగునా, తగ్గునా యనునదే మన ప్రశ్న. మా చెల్లెలి చేతిలోనున్నది ఆ యేటి మిరప డబ్బు; అందులోనే మరుసటి యేటి విత్తనమును ఎరువును ఉన్నవి.

నన్నే పిలుచుటకు కారణము, నేను నలువది యేండ్లుగా బులెట్టు నడుపుచుండుట. అంతేగాదు, 1987లో నేనును మోసపోతిని. మెరుగు చూచి ఒక బండి కొని, ఇంటికి తెచ్చిన తరువాత యంత్రముమీది సంఖ్యకును పుస్తకములోని సంఖ్యకును పొత్తు కుదరదని కనుగొంటిని. ఆ చిక్కు విడిపించుకొనుటకు మూడేండ్లు తిరిగితిని.

ఇట్లు మార్చి కట్టిన బండ్లకు కస్టమ్ బండ్లని పేరు. ఇది మన పిల్లలు కనిపెట్టిన వింత కాదు. అమెరికాలో బరువు తగ్గుటకై మడ్గార్డులు కోసినవి బాబర్లైనవి. 1950, 1960 దశాబ్దములలో ఇంగ్లండున కాఫీ అంగళ్ళ వద్ద గుమిగూడు కుర్రవాండ్రు వేగమునకై హ్యాండిలు దించుకొనినవి కెఫే రేసర్లైనవి. ముందరి ఫోర్కు పొడిగించి వాల్చినవి చాపర్లు. మన దేశమున ఈ పనికి బులెట్టే యెక్కువగా బలియగుచున్నది. ఆ పేరు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున 1932లో పుట్టినది. 1955లో మదరాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా యేర్పడినది. అక్కడి కర్మాగారము మూతపడినను ఇక్కడి బండి ఆగలేదు. కనుక విడిభాగములు ఊరూర దొరకును, పని తెలిసినవారును దొరకుదురు. కోయుటకు ధైర్యము చాలును.

ఇక వెల మాట. అమ్మువాడు మా యెదుట బిల్లులు పరచెను. రంగు 12,000, టైర్లు, చక్రములు 22,000, సీటు 6,000, హ్యాండిలు, దీపములు 9,000, సైలెన్సరు 8,000, కోత, అతుకు, కూలి 28,000. మొత్తము 85,000. బండి వెల 90,000 వేసికొని, ఈ 85,000 కలిపి, పైన పదివేలు తన అభిరుచికి చేర్చెను. ఆ మనిషి అబద్ధమాడలేదు. బిల్లులు నిజమైనవే. కాని ఒకడు పెట్టిన ఖర్చు వేరు, దానివలన వస్తువునకు వచ్చిన విలువ వేరు. మన యాడవారు నగ మార్చునపుడు కంసాలి యేమి చేయును? బంగారము తూచును. మీరిచ్చిన మజూరిని, తరుగును లెక్కలోనికి తీసికొనడు. రాళ్ళను తీసి ప్రక్కన పెట్టును. కస్టమ్ పనియు మజూరి వంటిదే. చేయించుకొనినవాడు దాని సుఖమనుభవించినాడు. కొనువాడు దానిని తిరిగి చెల్లింప నక్కరలేదు.

అందుచేత మొదట తెలిసికొనవలసినది బంగారము తూకము. అనగా అదే సంవత్సరపు, అదే తరహా బండి, మార్పులేవియు లేక, కాగితములు సరిగా నుండి, చక్కగా నడుచునది, ఎంతకు అమ్ముడుపోవుచున్నదో. ఎంత చెప్పుచున్నారో కాదు, ఎంతకు తెగుచున్నదో. దీనికి ముగ్గురు మెకానిక్కుల నడిగిన చాలును. మా లెక్కలో అది 90,000 అని తేలెను. అక్కడినుండి కొంత కలుపవలెను, కొంత తీసివేయవలెను. కలుపునది సాధారణముగా స్వల్పము, తీసివేయునది అధికము.

దీనికి మొదటి కారణము చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టును ఇదే మాటను గట్టిగా చెప్పెను. ఆ సంవత్సరమే చట్టమును సవరించి, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు యజమానికి 5,000 రూపాయల జుల్మానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చుననిరి. ఒక్కొక్క మార్పునకు అను మాటను గమనింపుడు. పెద్ద ధ్వని చేయు సైలెన్సర్లను పోలీసువారు ఊడదీయించి రోడ్డురోలరు క్రింద వేయించుట మీరును వార్తలలో చూచియుందురు. అమ్మువాడు 8,000 అని కలిపిన సైలెన్సరు కొనువానికి ఆస్తి కాదు, అప్పు. ఇన్సూరెన్సు సంగతియు ఇంతే. వారికి తెలుపని మార్పు వలన ప్రమాదము జరిగినచో సొమ్ము చెల్లింపమని పేచీ పెట్టుటకు వారికి అవకాశము దొరకును.

రిజిస్ట్రేషను పదునైదేండ్లకు తీరును. ఈ బండికి 2028 వరకే గడువు. ఆ తరువాత మరల అయిదేండ్లకు పొడిగింపవలె నన్నచో బండిని అధికారికి చూపవలెను. మడ్గార్డులు లేని, దారి చూపు దీపములు లేని బండిని ఆయన యెదుట నిలుపుట యెట్లు? కనుక మొదటి భాగములు అమ్మువాని యింట భద్రముగా నున్నవా యని తప్పక యడుగవలెను. పాత సైలెన్సరు, మడ్గార్డులు, సీటు, అద్దములు, చక్రములు గోనెసంచిలో కట్టి బండితోకూడ నిచ్చువాడు కొంచెమెక్కువ అడిగినను ఇయ్యవచ్చును. మా యమ్మువాడు వానిని ఎప్పుడో పాతయినుముక్రింద అమ్మివేసెను.

ఇప్పుడు బండిని చూచుట. మేము వచ్చుసరికి యంత్రమును వేడిచేసి యుంచవలదని ముందుగానే చెప్పి పోతిమి. చల్లని యంత్రమును మొదటిసారి నడుపునపుడే దాని గుణము బయటపడును. నీలిపొగ నిలుకడగా వచ్చుచుండినచో లోపల నూనె కాలుచున్నది. నల్లపొగ వచ్చినచో పెట్రోలు మితిమీరుచున్నది. గాలి వడపోత తీసివేసి, తెరిచిన గొట్టము పెట్టినవారు కార్బురేటరును సరిచేసికొనకున్నచో యంత్రము మితిమీరి వేడెక్కును; ప్లగ్గు విప్పి చూచిన తేనెరంగునకు బదులు తెల్లగా పాలిపోయి కనబడును.

హ్యాండిలు ఎత్తుచేసిన బండిలో ఒక పరీక్ష తప్పక చేయవలెను. యంత్రమును మెల్లగా తిరుగనిచ్చి హ్యాండిలును ఈ కొననుండి ఆ కొనకు త్రిప్పవలెను. త్రిప్పునపుడు యంత్రపు వేగము దానంతటదే పెరిగినచో కేబులు పొట్టి. మలుపులో బండి తనకు తానే దూకును. బ్రేకు గొట్టమును ఆ సమయముననే చూడవలెను. అది వీణతంత్రివలె బిగియరాదు. మా బండిలో కేబులు సరిపోయినది. బ్రేకు గొట్టము మాత్రము బిగిసినది. కుర్రవానికి దానిని చూపితిని. వాడు మాటాడలేదు.

ముందుచక్రము నేల విడుచునట్లు లేపించి హ్యాండిలును వ్రేలితో త్రోయగా, నడుమ ఒకచోట చిన్న గుంతలో పడినట్లు ఆగెను. మెడలోని బేరింగులు అరిగినవన్నమాట. చక్రపు కమ్మీలను ఒక చిన్న స్పానరుతో వరుసగా తట్టుచు పోవలెను. బిగువుగా నున్నది ఖంగుమనును, వదులైనది బొద్దుగా పలుకును. కుండ కొనునపుడు చేయు పనియే ఇది. టైరుమీద నాలుగంకెలు అచ్చువేసి యుండును: 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున చేసినదని యర్థము. నల్లగా మెరసినంతమాత్రమున అది క్రొత్తది కాదు.

తరువాత దారములు. రెండు పొడుగుపాటి దారములను వెనుక టైరునకు ఇరుప్రక్కల, టైరును ముందువెనుకల తాకునట్లు పట్టి, ముందుచక్రము వరకు లాగవలెను. హ్యాండిలు తిన్నగా నుంచి, ముందు టైరునకును దారమునకును నడుమ ఎడము రెండు ప్రక్కల సమానముగా నున్నదా యని చూడవలెను. నాగలి చాలు తిన్నగా వచ్చినదో లేదో కంటితో చెప్పగల మీకు ఇది యెంత పని? వెనుకనుండి పరుగెత్తుచున్న కుక్కవలె బండి ప్రక్కకు నడుచుచున్నచో ఫ్రేము వంగినది, లేదా చక్రము తప్పుగా బిగింపబడినది. మా దారములకు అరంగుళము తేడా కనబడెను.

అప్పుడు నేను సీటు విప్పించితిని. అమ్మువాడు, "ఎందుకండీ పెద్దాయనగారూ, అంతా గట్టిపనే" యనెను. సీటు క్రింద తీగెలు చూడవలెనంటిని. చూడగా అవి రంగురంగుల టేపులతో చుట్టిన పిచ్చుకగూడు. దాని వెనుక అసలు సంగతి యున్నది. పొట్టిసీటు కుదురుటకై వెనుక ఫ్రేమును ఇరుప్రక్కల కోసి, క్రొత్త గొట్టమును వంచి అతికిరి. అతుకు పైన రంగు నున్నగానే యుండెను. గోటితో తడిమి చూడగా ఒక ప్రక్క అతుకు చుట్టును వెండ్రుకవంటి బీట. ఇద్దరు కూర్చుండి గతుకులో దిగినపుడు ఆ చోటనే బరువు పడును.

ఇంటికి వచ్చి లెక్క వేసితిమి. 90,000కు రంగు క్రింద 4,000, ముందు టైరు క్రింద 2,000 కలిపితిమి. అటుపైన తీసివేతలు: సైలెన్సరు 5,000, మడ్గార్డులు, దీపములు 8,000, తీగెలు 7,000, బేరింగులు 2,000, వెనుక చక్రము, టైరు 9,000. ఇవి ఆటోనగరులోని మెకానిక్కు చెప్పిన అంకెలు. మొత్తము 31,000. మిగిలినది 65,000. "అయితే అరువదియైదువేలకు అడుగుదమా తాతయ్యా?" యని కుర్రవాడడిగెను. ఫ్రేము కోయక యుండినచో అడుగవచ్చును, అంతకు కొంచెమెక్కువ ఇచ్చినను తప్పులేదు. ఫ్రేము కోసిన బండికి 90,000 అను మొదటి అంకెయే నిలువదు. బేరింగు మార్చవచ్చును, తీగెలు మార్చవచ్చును. ఛాసిస్ మార్చుట అట్లు కాదు. బండికి రిజిస్ట్రేషను కట్టిపెట్టినది ఆ యినుపచట్రముమీది సంఖ్యకే.

కస్టమ్ బండ్లన్నియు నష్టపు బేరములే యని నేననను. ఫ్రేమును ముట్టక, మరలు విప్పి మరల పూర్వపు రూపునకు తెచ్చుకొనునట్లు చేసిన నేర్పరులున్నారు. వారి పని చూచుటకే ముచ్చటగా నుండును. కాని ఒక చిత్రము చెప్పెదను. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు గల పాత ఇనుపయంత్రపు బులెట్టును ఎవరైన చెడగొట్టక దాచియుండినచో, దానికిప్పుడు మోజుపడువారు చాలమంది. మార్చినదానికంటె మార్చనిదే అక్కడ ప్రియము.

కాగితముల మాట తొందరగా చెప్పి ముగించెదను. ఛాసిస్ సంఖ్యను, యంత్రపు సంఖ్యను గుడ్డతో తుడిచి స్వయముగా చదువుడు, ఆర్.సి.తో అక్షరమక్షరము సరిచూడుడు. ప్రభుత్వమువారి వాహన్ పట్టికలో యజమాని యెవరో, బ్యాంకు బాకీ యున్నదో తీరినదో పిల్లలు ఫోనులోనే చూపగలరు. చెల్లింపని చలానులను అమ్మువానిచేతనే కట్టించుడు. 29, 30 ఫారములపై సంతకములు మీ యెదుటనే కావలెను. పరరాష్ట్రపు బండి యైనచో ఎన్.ఓ.సి. లేనిదే బయానా ఇయ్యకుడు. పేరు మార్చుకొనని బండి ఎవరినైన గ్రుద్దినచో పాత యజమానిని, క్రొత్త యజమానిని ఇద్దరిని కోర్టునకు లాగుదురు.

మూడు వారములకు అమ్మువాడు ఫోను చేసి 1,20,000 అనెను. మరి పది దినములకు 95,000 అనెను. కుర్రవాడు నావైపు చూచెను, తానే వద్దని చెప్పెను. ఉగాది తరువాత మా ప్రక్కయూరిలో ఒక ఉపాధ్యాయుడు తన బులెట్టును అమ్మకమునకు పెట్టగా, టైర్లు అరిగినవని రెండువేలు తగ్గించి 82,000కు కొంటిమి. ఇప్పటికి వాడు దానికి చేయించిన మార్పు సీటు కవరొక్కటియే. దాని బిల్లు 700 రూపాయలు.