రోజుకో రూపాయి, రోజుకో అక్షరం

“మనవల్ల ఎక్కడవుతుంది లెండి!” ఈ మాట మన ఇళ్లలో ఎంత సులువుగా వినబడుతుందో! బ్యాంకు ఉద్యోగంలో తల నెరిసినవాణ్ణి గనుక నాకిది బాగా పరిచయం. చేతిలో డబ్బు లేకపోవడం కంటే, ‘ఇంత కొంచెంతో ఏమవుతుంది?’ అన్న ఆలోచనే మనిషిని ఎక్కువగా వెనక్కి లాగుతుందని నా అనుభవం.

మన వెంగల్‌కు ఉత్తరాన ఉన్న నెల్లూరు జిల్లా సంగతి చూడండి. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రి పలక పట్టారు. వారి వాచకంలో సారా వల్ల చితికిన బతుకు గురించి ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. కూడబలుక్కుంటూ చదివినవారికి అది తమ ఇంటి కథే అనిపించింది. 1992లో దూబగుంట మహిళలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలైంది.

ఆ తరువాతి ముచ్చట నాకు మరీ ఇష్టం. ‘పొదుపు లక్ష్మి’ పేరుతో ఆ జిల్లా మహిళలు జట్లుగా చేరి రోజుకో రూపాయి దాచసాగారు. ఇరవైమంది కలిస్తే నెలకు 600, ఏడాదికి 7,300 రూపాయలు! ‘ఖర్చులు పోగా మిగిలితే దాద్దాం’ అన్న ఆలోచన ‘ముందు దాచి తరువాత ఖర్చు పెడదాం’ అని మారింది. అంతే తేడా. 1992లో నాబార్డు స్వయం సహాయక బృందాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. ఆస్తి తాకట్టు లేకపోయినా, క్రమం తప్పని పొదుపు, ఒకరికొకరి పూచీ చూసి అప్పు ఇవ్వవచ్చునన్నదే అందులోని సూత్రం.

ఇక మన పక్కనున్న తిరుత్తణి. 1888లో అక్కడ పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తత్వశాస్త్రం చదవడానికి కారణం, చదువు ముగించిన బంధువు ఒకరు తన పుస్తకాలు ఇవ్వడమే. కొత్తవి కొనే స్తోమత ఇంట్లో లేదు. ‘ఇదా దొరికింది?’ అని నిట్టూర్చకుండా దొరికినదాన్నే దీక్షగా చదివారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో హిందూ ధర్మంపై విమర్శలు విన్నప్పుడు, అందులో నిజమెంతో తేల్చుకుందామని మన గ్రంథాలను పరిశీలించారు. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి, 1962లో రాష్ట్రపతి పదవి ఆయనను వరించాయి.

మరి మన ఇళ్ల మాట? తమిళ బడిలో చదివే మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. రాయమంటే మాత్రం “నాకు రాదు” అంటారు. “ఇంకా రాలేదు” అనడం నేర్పండి చాలు. రోజుకో అక్షరం చొప్పున 56 అక్షరాలు 56 రోజులు!

పెద్దలకూ ఇదే వర్తిస్తుంది. మా కౌంటరు దగ్గర వేలిముద్ర వేసే ఒక పెద్దమ్మకు ఆమె పేరు కాగితం మీద రాసిచ్చాను. మనవరాలి దగ్గర దిద్దుకుని, నెలన్నర తిరక్కుండా సంతకం పెట్టారు. “ఇంక సిరా వేలు కొంగుకు తుడుచుకునే పని లేదు నాయనా” అన్నారు నవ్వుతూ.

వచ్చే సంచిక మీ చేతికి అందడానికి మూడు నెలలుంది. ఈలోగా మీ ఇంట్లో ఒక డబ్బా, ఒక పలక పెట్టి చూడండి. ఎవరి రూపాయి వారే వేయాలి, ఎవరి అక్షరం వారే దిద్దాలి సుమా!