తంజావూరు గురువు ఇంట ఒక నర్తకి

భరతనాట్య విదుషీమణి నర్తకి నటరాజ్‌కు 2019లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ట్రాన్స్‌జెండర్ మహిళలలో ఆ గౌరవం పొందిన ప్రథమురాలు ఆమెయే. పురస్కారం మాట అటుంచి, ఆమె పెరిగి వచ్చిన త్రోవను గూర్చి తెలుసుకొనదగినది ఎంతో ఉన్నది.

మధురైలో మగబిడ్డగా పెరిగిన ఆమెకు, తాను ఆడపిల్లనన్న ఎరుక చిన్ననాడే కలిగింది. ఈ ఎరుక ఒకరు నేర్పితే వచ్చేది కాదు. దండిస్తే పోయేదీ కాదు. పుట్టిననాడు పెద్దలు నిర్ణయించినది ఒకటి, తాను లోలోపల ఎరిగినది వేరొకటి అయినప్పుడు బిడ్డ పడే వేదన కౌమారంలో మరింత తీవ్రమవుతుంది. గొంతు మారుతుంది, నూనూగు మీసాలు వస్తాయి. తోటివారు మురిసిపోయే ఆ మార్పులే ఈ బిడ్డకు పరాయివిగా తోస్తాయి. చెప్పుకొందామంటే బడిలో హేళన, ఇంట మందలింపు. ఆ ఈడులోనే నర్తకి, తనవంటిదే అయిన శక్తి అనే నేస్తంతో కలిసి ఇల్లు విడువవలసి వచ్చింది.

వైజయంతిమాల చలనచిత్రాలు చూసి అనుకరించడమే ఆమె తొలి నాట్యాభ్యాసం. ఆ నటీమణికి గురువైన తంజావూరు కె.పి. కిట్టప్ప పిళ్లైగారినే ఆశ్రయించాలని స్నేహితులిద్దరూ నిశ్చయించుకొన్నారు. పిళ్లైగారు సామాన్యులు కారు. 19వ శతాబ్దిలో భరతనాట్య కచేరీకి నేటి క్రమాన్ని దిద్దిన తంజావూరు సోదర చతుష్టయం వంశీయులు. మరాఠా ప్రభువుల కొలువులో ఉండి, తెలుగులో సైతం వర్ణాలు రచించిన ఘనులు ఆ సోదరులు. అట్టి వంశాచార్యుడు అడిగిన వెంటనే ఒప్పుకోలేదు. వీరూ వెనుదిరుగలేదు. చాలాకాలం వేచిన మీదట ఆయన శిష్యత్వం దొరికింది. అప్పటికి ఆమెకు సుమారు ఇరవై ఏళ్లు. ‘నర్తకి’ అని పేరు పెట్టినవారు కూడా ఆయనే. 1999లో గురువు గతించేవరకు ఆ శుశ్రూష సాగింది. సంప్రదాయం ఇటువంటి వారిని దరిజేరనీయదని తలచేవారు ఈ సంగతి గమనించాలి. నాయికాభావ ప్రదర్శనలో ఆమెకు ప్రత్యేక ఖ్యాతి వచ్చిందంటే ఆశ్చర్యమేమున్నది?

అయితే ఇల్లు విడిచిన నాటికీ గురువు ఇంట చేరిన నాటికీ నడుమ గడచిన ఏళ్లు ఎవరు తిరిగి ఇవ్వగలరు? పైగా ప్రతి బిడ్డకూ ఒక కిట్టప్ప పిళ్లై దొరకరు. 2011 జనాభా లెక్కలలో స్త్రీ, పురుషులుగా కాక ‘ఇతరులు’గా నమోదైనవారు 4,87,803 మంది. దేశంలో అక్షరాస్యత 73 శాతం ఉండగా వీరిలో అది 56 శాతమే. నడుమ బడి మానినవారు ఎందరో ఈ అంకెలో కనబడరు గాని, అంతరానికి వారూ ఒక కారణమని ఊహించడం కష్టం కాదు.

ప్రభుత్వాలు ఈ విషయంలో ఆలస్యంగానైనా మేల్కొన్నాయి. తమిళనాడు 2008లో వీరికై సంక్షేమ మండలిని నెలకొల్పింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తమ లింగమేదో తామే నిర్ణయించుకొనే హక్కు వీరికి ఉన్నదని తీర్పు చెప్పింది. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో, న్యాయస్థానం ఆజ్ఞ లేకుండా ఏ బిడ్డనూ తల్లిదండ్రుల నుండి వేరుచేయరాదని 2019లో పార్లమెంటు చేసిన చట్టం శాసించింది. పద్దెనిమిదేళ్లు నిండనివారి గుర్తింపు పత్రానికి దరఖాస్తు చేసే బాధ్యతను కూడా ఆ చట్టం తల్లిదండ్రులకో సంరక్షకులకో అప్పగించింది. కనుక జిల్లా మేజిస్ట్రేటు కార్యాలయానికి చేరకముందే ఆ కాగితం ఇంటి గడప దాటవలసి ఉంటుంది.