గట్టు గీత జరిగితే గుంట పోతుంది

విస్తీర్ణం సరిపోయింది కదా అని సర్వే కాగితం మీద సంతకం పెట్టేస్తున్నారా? కాస్త ఆగండి. ఎకరాలు సరిపోయినా గట్టు సరిపోకపోవచ్చు. ఒక పక్క గుంట పోయి మరో పక్క గుంట కలిస్తే లెక్కలో తేడా కనిపించదు. పోయిన గుంటలోనే మీ బోరు ఉంటే? 100 మీటర్ల గట్టు పొడవునా ఒక్క మీటరు జరిగిందంటే 100 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఒక గుంట (రెండున్నర సెంట్లు) పోయినట్లే.

పాత గీత, కొత్త గీత

తెలంగాణలో టిప్పన్, ఆంధ్రలో ఎఫ్.ఎం.బి. గొలుసు కొలతలతో గీసిన పటాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో ప్రారంభమైన రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు వాడారు. పాత గీతను, కొత్త గీతను కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పెడితే అచ్చంగా కలవవు. మరి తేడా ఎంత?

హైదరాబాదులో తార్నాక దాటి వెళితే ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. సర్వే, పటాల పని అక్కడ నేర్పుతారు. డిజిటల్ పటాల్లో గీతలను పోల్చడానికి రెండు కొలతలు పేరున్నవి.

మొదటిది హౌస్‌డార్ఫ్ దూరం. ఒక గీతపై ప్రతి చోటు నుంచి రెండో గీతకు దగ్గరి దూరం కొలుస్తారు. అటు నుంచి ఇటూ అలాగే కొలుస్తారు. వాటిలో అన్నిటికంటే పెద్దదే తేడా.

రెండోది 1906లో ఫ్రెంచి గణితవేత్త ఫ్రెషే చెప్పినది. పాత గట్టు మీద రైతు, కొత్త గట్టు మీద ఎద్దు, మధ్యన పలుపుతాడు అనుకోండి. ఇద్దరూ ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. ఆగవచ్చు గాని వెనక్కి తిరగకూడదు. అందుకు కావలసిన అతి పొట్టి తాడు ఎంతో, తేడా అంత. వంకరలు తిరిగిన వాగు గట్టుకు ఇదే నయం. పక్క వంపు దగ్గరగా ఉంటే మొదటి కొలత మోసపోతుంది, తాడు మోసపోదు.

రైతులు ఏం చేయాలి?

* కొలత రోజున పొలంలో ఉండండి. హద్దురాళ్లు, గట్టు మలుపులు దగ్గరుండి చూపించండి.
* విస్తీర్ణంతో ఆగకుండా, పాత గీతకూ కొత్త గీతకూ ఎక్కువ తేడా ఎక్కడ, ఎన్ని మీటర్లు అని అడగండి.
* గట్లన్నీ ఒకే వైపు, ఒకే తీరున జరిగితే పటం అమర్చడంలో పొరపాటు ఉండొచ్చు. ఒక్కచోటే జరిగితే అక్కడ మళ్లీ కొలిపించాలి.
* అభ్యంతరం ఉంటే నోటీసు గడువులోగా రాసిచ్చి, రసీదు దాచుకోండి.