సర్వర్ కొన్నారు సరే.. యూజర్ లైసెన్సుల లెక్క చూసుకున్నారా?

కొత్త సర్వర్ వచ్చింది, విండోస్ సర్వర్ వేయించాం, ఇక పని అయిపోయినట్టే అనుకుంటారు చాలామంది. గాజువాక ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ యూనిట్ నడిపేవాళ్లయినా, విశాఖ పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెన్సీ ఉన్నవాళ్లయినా పొరపాటు పడేది ఇక్కడే. సర్వర్‌కి లైసెన్స్ వేరు, దాన్ని వాడేవాళ్లకి లైసెన్స్ వేరు. ఈ రెండోదాన్నే క్లయింట్ యాక్సెస్ లైసెన్స్, షార్ట్‌గా సీఏఎల్ అంటారు.

యూజరా? డివైజా?

సీఏఎల్‌లో రెండు రకాలున్నాయి. యూజర్ సీఏఎల్ మనిషికి ఇచ్చేది. ఆ మనిషి ఎన్ని డివైజ్‌ల నుంచైనా సర్వర్‌ని వాడొచ్చు. డివైజ్ సీఏఎల్ కంప్యూటర్‌కి ఇచ్చేది. దాని ముందు ఎంతమంది మారినా ఒక్కటే సరిపోతుంది.

స్టీల్ సిటీలో షిఫ్టుల గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు కదా. ఒక యూనిట్‌లో 6 కంప్యూటర్లు, మూడు షిఫ్టుల్లో కలిపి 18 మంది ఉన్నారనుకోండి. యూజర్ సీఏఎల్ అయితే 18 కావాలి, డివైజ్ సీఏఎల్ అయితే 6 చాలు. ఇప్పుడు క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసు చూద్దాం. 10 మంది స్టాఫ్, ఒక్కొక్కరికీ డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, ఫోన్. అంటే 30 డివైజ్‌లు. ఇక్కడ 10 యూజర్ సీఏఎల్‌లే లాభం. అవసరమైతే రెండు రకాలూ కలిపి కొనుక్కోవచ్చు.

ట్యాలీ వాడేవాళ్లు జాగ్రత్త

"మాది ట్యాలీ గోల్డ్, మల్టీ యూజర్ కదా" అంటారు. అది ట్యాలీకి లైసెన్స్. ఆ ట్యాలీని సర్వర్‌లో పెట్టి, ఇంటి నుంచో బ్రాంచ్ నుంచో రిమోట్ డెస్క్‌టాప్‌తో తెరిస్తే మామూలు సీఏఎల్‌తో పాటు ఆర్డీఎస్ సీఏఎల్ కూడా కొనాలి. సర్వర్‌ని మేనేజ్ చేసే అడ్మిన్ పనులకి మాత్రం రెండు రిమోట్ కనెక్షన్లు ఫ్రీ. అవి అకౌంట్స్ రాసుకోడానికి కాదు.

రిమోట్ డెస్క్‌టాప్ సర్వీస్ సెటప్ చేశాక 120 రోజులు లైసెన్స్ లేకపోయినా నడుస్తుంది. అందుకే మొదట్లో ఎవరికీ అనుమానం రాదు. నవంబర్ మొదట్లో సెటప్ చేస్తే గడువు అయిపోయేది సరిగ్గా మార్చి మొదట్లో, ఇయర్ ఎండింగ్ హడావుడిలో! స్టాఫ్ లాగిన్ అవ్వలేరు, పని ఆగిపోతుంది.

మామూలు సీఏఎల్‌కి ఇలాంటి తాళం ఉండదు. లైసెన్స్ లేకపోయినా సర్వర్ పనిచేస్తూనే ఉంటుంది. అలాగని వదిలేస్తే ఆడిట్‌లో దొరుకుతారు. కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 63బి ప్రకారం పైరేటెడ్ సాఫ్ట్‌వేర్ అని తెలిసీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకూ జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకూ జరిమానా పడొచ్చు.

కొనేముందు ఇవి చూసుకోండి

వెర్షన్: 2019 సీఏఎల్‌తో 2022 సర్వర్ వాడటం కుదరదు. 2022 సీఏఎల్‌తో పాత 2019 సర్వర్ వాడొచ్చు.

వేరే సాఫ్ట్‌వేర్: ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని సీఏఎల్ పద్ధతిలో కొంటే దాని సీఏఎల్‌లు మళ్లీ వేరు.

చిన్న ఆఫీసు: ఎసెన్షియల్స్ ఎడిషన్‌లో 25 మంది యూజర్లు, 50 డివైజ్‌ల వరకూ సీఏఎల్ అక్కర్లేదు. ఫైల్ షేరింగ్ ఒక్కటే కావాలంటే లినక్స్‌పై సాంబా ఉంది, దానికి సీఏఎల్ గొడవే లేదు.

బిల్లు: మామూలు సీఏఎల్‌కి సర్వర్‌లో వేసే కీ ఉండదు, కాగితాలే ఆధారం. తక్కువ రేటుకి వాట్సాప్‌లో "సీఏఎల్ కీ" పంపిస్తానంటే నమ్మకండి. జీఎస్టీ బిల్లు, లైసెన్స్ పత్రం రెండూ తీసుకుని దాచుకోండి.

డీలర్‌కి ఫోన్ చేసేముందు ఓ కాగితం మీద రెండు అంకెలు రాయండి: సర్వర్ వాడే మనుషులెంతమంది, డివైజ్‌లెన్ని. ఏది తక్కువైతే ఆ రకమే మీకు సరైన లైసెన్స్.