మీకు తెలుసా? కొమ్ముల్లేని జింకకు లైసెన్సు వేరు!

• అమెరికాలోని పెన్సిల్వేనియాలో అన్ని జింకల వేటకూ మామూలు లైసెన్సు ఒక్కటే చాలదు. కొమ్ముల్లేనిదాన్ని కొట్టాలంటే విడిగా ఇంకొకటి తీసుకోవాలి. కొమ్ముల్లేనిదంటే ఆడదనే కాదు. రెండు కొమ్ములూ మూడంగుళాల్లోపే ఉన్న మగపిల్ల కూడా ఆ లెక్కలోకే వస్తుంది. చలికాలంలో కొమ్ములు రాల్చుకున్న పెద్ద మగజింకా అంతే. చట్టం ఆడా మగా చూడదు, నెత్తిమీద కొలత చూస్తుంది. దూరం నుంచి వేటగాడికి కనిపించేది అదొక్కటే కాబట్టి, తెలివైన నిబంధనే అనాలి.

• 2022 దాకా ఈ లైసెన్సు దరఖాస్తును గులాబీ రంగు కవర్లో పెట్టి కౌంటీ ట్రెజరర్‌కు పోస్టు చేసేవారు.

• ఇదే రాష్ట్రం 1907లో ఆడజింకల జోలికి పోవద్దని చట్టం చేసింది. అమ్మకానికి సాగిన వేటతో అప్పటికి జింకలు దాదాపు మాయమయ్యాయి మరి. ఆ చట్టం అవసరానికి మించి పనిచేసింది. ఒక్క మగది చాలా ఆడవాటితో జతకడుతుంది కాబట్టి, మగవాటిని ఎన్ని కొట్టినా మంద తగ్గదు. ఆడదేమో ఏటా ఈనుతుంది, అదీ తరచు కవలల్ని. మందలు పెరిగి, అడవిలో లేత మొలకలన్నీ మేసేసి, చలికాలంలో ఆకలితో చావడం మొదలైంది. 1928లో రాష్ట్రమంతటా కొమ్ముల్లేని జింకల వేటకు తలుపు తీయక తప్పలేదు.

• ఆడజింకల్నీ వేటాడాలని చెప్పి తిట్లు తిన్నవాళ్లలో ప్రకృతి రచయిత ఆల్డో లియోపోల్డ్ ఒకరు. 1943లో విస్కాన్సిన్‌లో ఆడజింకల వేటను ఆయన సమర్థిస్తే, గిట్టనివాళ్లు దానికి ‘43 నాటి నేరం’ అని పేరు పెట్టారు. అదే రాష్ట్రం తర్వాత ఇంకో అడుగు వేసి, కొన్నిచోట్ల కొమ్ముల్లేనిదాన్ని కొట్టాకే కొమ్ములున్నదాన్ని కొట్టాలని షరతు పెట్టింది. వేటగాళ్లు గోలపెట్టగా 2011లో ఎత్తేసింది.

• కొట్టిన జింకను ఇంట్లో కోసుకునేవాళ్లకు రంపంతో పెద్ద పనిలేదు. జింక ముందుకాలు ఎముకతో ఒంటికి అతికి ఉండదు, కండే పట్టి ఉంచుతుంది. కత్తి ఆడిస్తే ఊడొస్తుంది. అసలు ఓపికంతా కండల మీది తెల్లపొర తీయడానికే. మేకమాంసంలో కొవ్వు కోసం కొట్లాడుకునే మనకు వింతగా ఉంటుంది గానీ, జింక కొవ్వును గీకి పారేస్తారు. కాస్త చల్లారితే చాలు, మైనంలా అంగిలికి పట్టేస్తుంది. ఖీమా కొట్టేటప్పుడు బదులుగా పంది కొవ్వు కలుపుతారు.

• వేటాడిన జింక మాంసాన్ని అమెరికాలో దానం చేయొచ్చు, అమ్మితే నేరం. అక్కడి హోటళ్లలో దొరికేది పెంపకం జింకల మాంసం, చాలావరకు న్యూజిలాండ్‌ది.

• 1967లో కొలరాడోలో జింకలకొక వింతరోగం కనబడింది. జంతువు చిక్కి శల్యమై చస్తుంది. కారణం ప్రయాన్ అనే ప్రొటీను, ఎంత ఉడికించినా నశించదు. మనుషులకు సోకినట్టు రుజువు కాలేదు. అయినా రోగమున్న ప్రాంతాల్లో జింకను పరీక్షకిచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసాన్ని ఫ్రీజర్లోనే ఉంచమంటారు.

• తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింక టెక్సస్‌లోనూ ఉంది, 1930ల్లో తీసుకెళ్లి వదిలారు. ఈ జింకలకు కొమ్ములు రాలే కాలమంటూ ఒకటి లేదు. మందలో ఏ నెల చూసినా కొమ్ములున్న మగవీ లేనివీ కలిసే ఉంటాయి. టెక్సస్‌లో వాటిని ఏడాది పొడవునా వేటాడొచ్చు. ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం కొట్టడమే కాదు, మాంసం దగ్గర పెట్టుకున్నా కేసే.