మిరప పూత ఎందుకు రాలుతుంది?

మిరప చెట్టు ఏపుగా ఉంటుంది. తెల్లగా పూత వస్తుంది. తెల్లారి చూస్తే పూలన్నీ కింద రాలి ఉంటాయి. అప్పు తెచ్చి వేసిన తోట కదా, గుండె గుభేలుమంటుంది. వెంటనే మందుల కొట్టుకు పరుగెత్తుతారు.

పూత రాలిందంటే తెగులే అనుకోకూడదు. పువ్వులోని పుప్పొడి మధ్యనున్న కాడ కొసకు అంటితేనే పిందె కడుతుంది. గాలికి కొమ్మ ఊగినా, తేనెటీగ వాలినా ఆ పని జరుగుతుంది. ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కపోస్తుంటే పుప్పొడి పాడవుతుంది. పిందె కట్టని పువ్వు రాలిపోతుంది. ఎండ తగ్గితే పూత మళ్ళీ నిలుస్తుంది. ఈ రాలుడుకు పురుగు మందు కొడితే డబ్బు దండగే.

నేల బీటలు వారేదాకా ఎండబెట్టి, ఒక్కసారిగా నీళ్ళు పెట్టినా పూత రాలుతుంది. మొదట్లో నీళ్ళు నిలిచినా అంతే. నేల పదునుగా ఉండాలి.

యూరియా ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, పూత తగ్గుతుంది. తోట నల్లగా నిగనిగలాడుతుంటే చాలామంది మురిసిపోతారు. అమ్ముకునేది ఆకు కాదు గదా!

ఇక పురుగు సంగతి. నాలుగు పూలు కోసి తెల్ల కాగితం మీద దులపాలి. సన్నని నల్ల పురుగులు పాకితే అవి తామర పురుగులు. 2021-22లో గుంటూరు, ఖమ్మం జిల్లాల్లో మిరప పూతను నాశనం చేసినవి ఇవే. తోటలో నీలం రంగు జిగురు అట్టలు కడితే వాటికి అంటుకుంటాయి.

పురుగు లేకుండానే పూత రాలుతుంటే ప్లానోఫిక్స్ కొట్టవచ్చు. నాలుగున్నర లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు చాలు. ఎక్కువ కలిపితే ఉన్న పూత కూడా రాలుతుంది. కొట్టులో చెప్పిన కొలతను సీసా మీద రాసిన దానితో సరిచూసుకోవాలి.